కృష్ణారావు సార్ పాఠం

మేడ్చల్ ప్రభుత్వ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పే కృష్ణారావు సార్ ఎన్నడూ బెత్తం పట్టలేదు. అందుకే పదో తరగతి మగపిల్లలు ఆయన వెంట పడి తిరిగేవారు. ఖద్దరు లాల్చీ, భుజానికి గుడ్డసంచి, మాట్లాడుతూ మధ్యలో ఆగి ఎదుటివాడి కళ్లలోకి చూసే అలవాటు. మిగతా సార్లు ‘ఒరేయ్’ అని పిలిచే పిల్లల్ని ఆయన పేరు పెట్టి పిలిచేవాడు. గౌడవెల్లి నుంచి సైకిల్ మీద వచ్చే పరమేశ్‌కి ఆ ఒక్కటే చాలింది.

పరమేశ్ తండ్రి మొగులయ్య కూలికి పోయేవాడు. తల్లి బుచ్చవ్వ ద్రాక్ష తోటల్లో పనిచేసేది. ఆ ఇంట్లో అక్షరం వచ్చినవాడు పరమేశ్ ఒక్కడే. లెక్కల్లో, సైన్సులో తరగతిలో అతన్ని మించినవాడు లేడు. పక్కన కూర్చునే జైపాల్ అతని పేపర్లోకి తొంగిచూసి ప్రతి పరీక్షా గట్టెక్కేవాడు. బుచ్చవ్వ పనికి పోయే తోట ఆ జైపాల్ వాళ్లదే.

ఆదివారం పొద్దున కృష్ణారావు సార్ ఇంటి వరండాలో చాప పరిచి ఉండేది. పదిమంది పిల్లలు వచ్చి కూర్చునేవారు. సార్ గోడకు ఆనుకుని, పుస్తకం లేకుండా, ఎదుటివాళ్లను అడుగుతూ చెప్పేవాడు.

"బడిల మీకేం నేర్పుతున్నరు? అక్బర్ ఎప్పుడు పుట్టిండు, గంగ యాడ పుట్టింది, గిదేనా? గాదు. గంట కొడితే లేవాలె, గంట కొడితే కూసోవాలె. అడిగితేనే నోరు దెరవాలె. ఒంటేలుకు పోవాలన్నా చెయ్యెత్తి అడగాలె. పదేండ్లు గిదే నేర్పుతరు. ఇగ వాడు ఫ్యాక్టరీ గేటు కాడికి పోతే కొత్తగ నేర్పవల్సిన పనే ఉండది. సైరన్ మోగితే సప్పుడు జేయకుంట లోపలికి పోతడు."

"మరి పరీక్షెందుకు సార్?" అని అడిగాడు పరమేశ్.

సార్ మొహం వెలిగింది. "మంచిగడిగినవ్. ఎవడు కుర్సీల కూసోవాలె, ఎవడు బాయిలర్ కాడ నిలవడాలె అన్నది మీరు ఒకటో తరగతిల చేరకముందే తేలిపోయింది. పరీక్ష తేల్చేది ఏం లేదు. మరి పరీక్షెందుకు? బాయిలర్ కాడ నిలవడ్డోడు, నేను చదువలే, గందుకే గిట్లయిన, నాదే తప్పు అనుకోవాలె. దొర మీద కోపం రావొద్దు, వాని మీద వానికే రావాలె. గా పని చేస్తది పరీక్ష."

పరమేశ్ చాప మీద ముందుకు జరిగాడు. ఎవరేమన్నా "నాకు తెలివి లేదు సారూ, మొద్దును" అని నవ్వే తండ్రి గుర్తొచ్చాడు. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసినట్టయింది. ఆ వారమంతా అతనికి నిద్ర సరిగా పట్టలేదు.

లోపలి గదిలో సార్ కూతురు తేజస్వి లెక్కలు చేసుకుంటూ ఉండేది. ఆ పిల్లదీ పదో తరగతే, సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు మీడియం. ఆదివారాలు ఇంటికొచ్చి చెప్పే మాస్టర్ ఒకాయన ఉండేవాడు. వరండాలో గొంతులు పెరిగితే సార్ వేలు పెదవుల మీద పెట్టుకుని, "మెల్లగ మాట్లాడుండ్రి, పాపకు ట్యూషన్ నడుస్తాంది" అనేవాడు. పిల్లలు గొంతు తగ్గించేవారు. అందులో వింతేమీ ఎవరికీ కనిపించలేదు. పరమేశ్‌కూ కనిపించలేదు.

తొంభై ఆరు మార్చిలో పబ్లిక్ పరీక్షలు మొదలయ్యాయి. మొదటి రోజు పరీక్ష కేంద్రం గేటు ముందు పరమేశ్ ఆగిపోయాడు.

"రారా, గంట గొడుతున్నరు" అన్నాడు జైపాల్.

"నేను రాస్తలేను. సార్ చెప్పింది ఇన్నవు గదా. మనల్ని మొద్దులను జేసెటందుకే గీ పరీక్ష."

"సార్ చెప్తడు లేరా. జల్దీ రా."

పరమేశ్ జేబులోంచి హాల్ టికెట్ తీసి చింపి గేటు పక్క మురుగు మోరీలో వేశాడు. జైపాల్ ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, పరుగెత్తుకుంటూ లోపలికి పోయాడు. వరండాలో చాప మీద కూర్చునే మిగతావాళ్లంతా అప్పటికే లోపల ఉన్నారు.

పరమేశ్ సైకిల్ తొక్కుకుంటూ నేరుగా సార్ ఇంటికి వెళ్లాడు. సార్ ఆ రోజు సెలవు పెట్టుకుని కూతుర్ని పరీక్షకు దింపి వచ్చి, పేపర్ చదువుకుంటున్నాడు. సంగతి విని పేపర్ మడిచి పక్కన పెట్టాడు. తర్వాత లేచి పరమేశ్‌ని దగ్గరికి తీసుకుని గట్టిగా వీపు తట్టాడు.

"శభాష్. నా ఇన్నేండ్ల సర్వీసుల నా మాట నిజంగ ఇన్నది నువ్వొక్కనివే."

ఆ ఆదివారం అతన్ని అందరి మధ్యలో నిలబెట్టి అదే మాట చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు లెక్కల పరీక్ష ఉండటంతో తొందరగా లేచి వెళ్లిపోయారు.

మొగులయ్యకు తెలిసేసరికి పరీక్షలు అయిపోయాయి. ఆయన కొడుకును ఏమీ అనలేదు. అతన్ని వెంటబెట్టుకుని సార్ ఇంటికి వచ్చాడు. సార్ కుర్చీ వేసినా కూర్చోలేదు. సార్ చాలాసేపు ఓపిగ్గా వివరించాడు. మొగులయ్య కండువా చేత్తో పట్టుకుని అంతా విన్నాడు.

"అయితే మీ బిడ్డ గూడ రాయలేదా సారూ?" అని అడిగాడు చివరికి.

"ఆమె సంగతి వేరే. వాళ్లమ్మ ఇనది."

"మంచిది సారూ. పెద్దోళ్లు. మీకు తెల్వంది ఏముంటది" అని మొగులయ్య దండం పెట్టి వచ్చేశాడు. ఇంటి ముందు సైకిల్ దిగాక, "రేపటిసంది నాతోని కూలికి రా" అన్నాడు.

కూలి ఎంతో కాలం సాగలేదు. సార్ తనకు తెలిసిన యూనియన్ నాయకుడికి చెప్పి మేడ్చల్ దగ్గరి మందుల ఫ్యాక్టరీలో పరమేశ్‌ని హెల్పర్‌గా పెట్టించాడు. "మనం మాట్లాడుకున్నది నువ్వు బతికి చూపిస్తున్నవు" అన్నాడు. పరమేశ్ ఆ మాటను చాన్నాళ్లు మనసులో పెట్టుకున్నాడు. రసాయనాల వాసన ఒంటికి పట్టి, ఎంత తోమినా వదిలేది కాదు. అరచేతుల తోలు ఊడి మళ్లీ వచ్చింది. పని మాత్రం త్వరగా నేర్చుకున్నాడు. కొన్నేళ్లకు ఆపరేటర్ అయ్యాడు. సమ్మె వస్తే జెండా పట్టి గేటు ముందు మొదట నిలబడేవాడు. సార్ వచ్చి గేటు మీటింగుల్లో మాట్లాడి వెళ్లేవాడు.

శామీర్‌పేటలో చెరువు మీద చేపలు పట్టుకుని బతికేవాళ్ల అమ్మాయి సుక్కమ్మను పెళ్లి చేసుకున్నాడు. రెండు వేల సంవత్సరంలో ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టమని సార్ దగ్గరికే తీసుకెళ్లాడు. సార్ పసిదాన్ని ఎత్తుకుని, "భవిత" అన్నాడు. అంతకుముందు సంవత్సరమే మొగులయ్య జ్వరంతో చనిపోయాడు.

పిల్ల ఆరో ఏట ఫ్యాక్టరీలో రోజులు మారాయి. సరుకు విదేశాలకు పోవడం మొదలైంది. ఆ దేశాల నుంచి తనిఖీకి మనుషులు వస్తారని, మిషన్ మీద ఉండే ప్రతివాడికీ కనీసం పదో తరగతి సర్టిఫికెట్ ఉండాలని కంపెనీ చెప్పింది. లేనివాళ్లు కాంట్రాక్టర్ కిందికి, డ్రమ్ములు మోసే పనికి పోవాలి. ఆ మాట వాళ్లకు చెప్పే పని ప్రొడక్షన్ ఆఫీసర్ మీద పడింది. ఆ ఆఫీసర్ జైపాల్. ద్రాక్ష తోట ప్లాట్లు చేసి అమ్మాక డిగ్రీ ఎట్లాగో పూర్తిచేసి అక్కడ చేరాడు.

"నాకేమన్న మజానారా పరమేశ్? పైకెల్లి ఆర్డర్" అన్నాడు.

"నా పేపర్ల జూసి రాసినోనివి నువ్వు."

జైపాల్‌కు కోపం రాలేదు. నవ్వాడు. "చూసైనా రాసిన గదరా. నువ్వు రాయనే లేదాయె."

పరమేశ్ స్థానంలో వచ్చిన కొత్త కుర్రాడికి పని రాదు. వాడికి నేర్పేదాకా ఉండి, తర్వాత డ్రమ్ముల దగ్గరికి పొమ్మన్నారు. పరమేశ్ నేర్పాడు. తర్వాత డ్రమ్ముల దగ్గరికి పోయాడు.

అప్పుడు సార్ గుర్తొచ్చాడు. రిటైరయ్యాక సార్ శామీర్‌పేట రోడ్డు మీద ఇంగ్లీషు మీడియం స్కూలుకు ప్రిన్సిపల్ అయ్యాడు. స్కూలు తేజస్విది, ఆమె భర్తది. మూడంతస్తుల బిల్డింగు, పసుపు బస్సులు. పరమేశ్ బయట బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూశాడు. సార్ గదిలో ఏసీ చల్లగా ఉంది. లాల్చీ పోయి సఫారీ వచ్చింది. కళ్లలోకి చూసే అలవాటు మాత్రం పోలేదు.

పరమేశ్ జరిగింది చెప్పాడు. "మీరు యూనియనోళ్లతోని ఒక్క మాట చెప్పుండ్రి సార్. నేను ఎందుకు రాయలేదో మీకు తెల్సు గదా."

"ఎందుకు రాయలే?"

"మీరు చెప్తేనే గదా సార్."

కృష్ణారావు సార్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నిన్ను పరీక్ష రాయొద్దని నేనెప్పుడన్న?"

"ఆదివారాలు చెప్పిండ్రు సార్. పరీక్షెందుకో, ఎవలకోసమో."

"చెప్పిన. పదిమందికి చెప్పిన. చెప్పింది అబద్ధం గాదు, ఇయ్యాలటికి గూడ నిజమే. తొమ్మిది మంది పోయి రాసిండ్రు. వాళ్లకు అర్థమయింది."

"మరి నాకు?"

"నీకు మాట అర్థమయింది పరమేశ్. వాళ్లకు లోకం అర్థమయింది."

ఎంతో దయగా అన్నాడు ఆ మాట. పరమేశ్ కాసేపు గోడ మీది గడియారం వైపు చూశాడు.

"నేను చెప్పిన్నాడు మీరు నన్ను దగ్గరికి దీసుకున్నరు సార్. శభాష్ అన్నరు."

"పిలగాడు అంత సంబురంగ వచ్చి చెప్తే ఏమంటమోయ్?" సార్ గంట నొక్కి టీ చెప్పాడు. "అయిందేదో అయింది. నీ బిడ్డను మా స్కూల్ల చేర్పియ్. ఫీజు మాట ఎత్తను. సుక్కమ్మను గూడ పంపు, ఊడ్చే మనిషి కావాలని తేజస్వి అంటనే ఉన్నది."

పరమేశ్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. బయటికి వచ్చి సైకిల్ ఎక్కాక తనకు సంతోషంగా ఉందని అతనికి తెలిసింది.

భవిత ఒకటో తరగతిలో చేరింది. సుక్కమ్మ తెల్లారకముందే ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చి గదులన్నీ ఊడ్చేది. భవిత యూనిఫామ్ నలగకుండా మెట్ల మీద కూర్చునేది. బస్సులు రావడం మొదలయ్యాక తల్లీ కూతుళ్లు మాట్లాడుకోకూడదు. బడి ఆవరణలో తెలుగు మాట్లాడొద్దన్నది నియమం. సుక్కమ్మకు మరో భాష రాదు. కాబట్టి బిడ్డతో అసలే మాట్లాడొద్దని తేజస్వి మేడమ్ మొదటి రోజే పిలిచి చెప్పింది.

ఫీజు లేని పిల్లలు వెనక బెంచీలో కూర్చునేవారు. ఇంటి దగ్గర నాయనమ్మ బుచ్చవ్వతో వాగుతూనే ఉండే భవిత అక్కడ నోరు తెరవడం మానేసింది. తెలుగు మాట్లాడితే తప్పు, ఇంగ్లీషు రాదు. ఒకరోజు బయటికి పోవాల్సి వచ్చింది. చెయ్యెత్తింది. టీచర్ "ఎస్?" అంది. ఎట్లా అడగాలో ఆ పిల్లకు తెలియలేదు. చెయ్యి అట్లాగే ఎత్తి నిలబడింది. టీచర్ కూర్చోమంది. కాసేపటికి బెంచీ కింద తడి పారింది. ముందు బెంచీల వాళ్లు కాళ్లు పైకెత్తి కేకలు పెట్టారు.

తుడవడానికి సుక్కమ్మను పిలిచారు. ఆమె బక్కెట్, గుడ్డ పట్టుకుని వచ్చింది. భవిత తల్లిని చూసింది. తల్లి బిడ్డను చూడకుండా మోకాళ్ల మీద కూర్చుని తుడిచింది. పిల్లలు నవ్వుతూనే ఉన్నారు. టీచర్ కూడా ముక్కు మూసుకుని నవ్వింది. తుడవడం అయ్యాక సుక్కమ్మ బక్కెట్ తీసుకుని వెళ్లిపోయింది. బడి విడిచేదాకా భవిత తడి గౌనుతోనే నిలబడి ఉంది.

ఆ సాయంత్రం సుక్కమ్మ మొగుడి ముందు కూలబడింది. "నా బిడ్డకు గా బడి వద్దు. పొద్దంత గజగజ వణుకుతాంది."

"నోర్ముయ్" అన్నాడు పరమేశ్. "సర్టిఫికెట్ లేకుంటే ఏమయితదో నన్ను జూస్తలేవా?"

అప్పటి నుంచి రోజూ పనినుంచి రాగానే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. డ్రమ్ములు మోసి భుజాలు కమిలి ఉండేవి. పుస్తకంలోని మాటలు ఎట్లా పలకాలో అతనికీ సరిగా తెలియదు. తను పలికినట్టు పిల్ల పలికేది. మర్నాడు బడిలో ఆ పలుకుకు నవ్వేవారు. పిల్ల ఇంకా మూగదయ్యేది. మొదట తొడ మీద గిల్లేవాడు. తర్వాత పక్కన పుల్ల పెట్టుకున్నాడు.

హాఫ్ ఇయర్లీ పరీక్షలయ్యాక సార్ కబురు పెట్టాడు. ఈసారి ఎక్కువసేపు కూర్చోబెట్టలేదు.

"పిల్ల అందుకుంటలేదు పరమేశ్. దాని తప్పు గాదు, నీ తప్పు గూడ గాదు. ఇంట్ల మాట వేరు, బడి మాట వేరు. బడి ఎన్నడైనా ఉన్నోళ్ల పిల్లల కొలతలకే కుట్టిన అంగీ. మీ పిల్లలకు పట్టది. నేను ఆనాడే చెప్పిన గదా?"

పరమేశ్‌కి ఆ గొంతు తెలుసు. వరండాలో విన్నప్పుడు తనను నిలబెట్టిన గొంతు అది.

"గంత తెలిసినంక ఉంచుకోవాలె గద సార్. పట్టేటట్టు జేయాలె గద."

"జేద్దుము గని, మిగతా పిల్లల తల్లిదండ్రులు ఊకుంటలేరు. గా ఒంటేలు సంగతి ఊరంత పాకింది. సర్కారు బడికి పంపు, ఆడ దోస్తులుంటరు, మంచిగుంటది." సార్ లేచి భుజం మీద చెయ్యి వేసి తలుపు దాకా వచ్చాడు. "సుక్కమ్మ పనికి మాత్రం ఏం పరేషాన్ లేదు. మస్తు నీటుగ జేస్తది."

ఆ చెయ్యి విరిచేయాలనిపించింది పరమేశ్‌కి. సఫారీ కాలర్ పట్టి గోడకు అదిమి ఊపిరాడకుండా చేయాలనిపించింది. చేతులు పైకి లేచాయి కూడా. లేచి దండం పెట్టాయి.

ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. భవిత వాకిట్లో బుచ్చవ్వ ఒళ్లో తల పెట్టుకుని నవ్వుతోంది. అవ్వ ఏదో కథ చెబుతోంది. ఆ నవ్వు పరమేశ్ చెవిన పడింది.

"ఇటు రా" అన్నాడు. పిల్ల నవ్వు ఆగిపోయింది. వచ్చి నిలబడింది.

"నీ పేరు ఇంగ్లీషుల చెప్పు."

పిల్లకు ఆ మాట వచ్చు. ప్రతి సాయంత్రం చెప్పేదే. తండ్రి కళ్లు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"చెప్పు."

చెప్పలేదు.

"గాడ నోరు లేదు, గీడ నోరు లేదు. నవ్వనీకి ఉన్నదానె నోరు?"

కుడిచేతి దెబ్బ పిల్ల ఎడమ చెంప మీద, చెవి మీద పడింది. డ్రమ్ములు ఎత్తే చెయ్యి అది. బడిలో నేర్పిన ‘డాడీ’ అన్న మాట ఆ పిల్లకు గుర్తు రాలేదు. "నాయినా, నాయినా" అంటూ కాళ్లు పట్టుకుంది. అతను ఇంకా రెండు కొట్టాడు. అదే వైపు. కొడుతున్నంతసేపూ "చదవవా? చదవవా?" అని అరుస్తూనే ఉన్నాడు.

బుచ్చవ్వ మధ్యలో పడి అతని చెయ్యి కరిచింది. "నువ్వు పరీక్ష ఎగ్గొట్టిన్నాడు మీ నాయిన నీ మీద చెయ్యేసిండారా? సచ్చేదాంక ఒక్క దెబ్బ కొట్టిండారా?"

అప్పుడు ఆగాడు. పిల్ల చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదికి దిగుతోంది.

పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టర్ చెవిలోకి లైటు వేసి చూసి, "ఎట్ల తాకింది?" అని అడిగాడు.

"కిందపడ్డది సార్" అన్నాడు పరమేశ్.

"ఏం పాపా, కిందపడ్డావా?"

భవిత తండ్రి వైపు చూసింది. "కిందపడ్డ" అంది.

కర్ణభేరి చిరిగిందన్నారు. మందులిచ్చారు, నెలల తరబడి తిప్పారు. చీము ఆగింది గానీ ఆ వైపు వినికిడి తిరిగి రాలేదు. రాదని చివరికి చెప్పేశారు. సుక్కమ్మ ఆ రోజు నుంచి పరమేశ్‌తో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, అంతే. తెల్లారకముందే లేచి సార్ బడి ఊడ్వడానికి పోయేది.

భవితను గౌడవెల్లి సర్కారు బడిలో వేశారు. ఎడమ వైపు నుంచి పిలిస్తే పలికేది కాదు. పంతులమ్మ మొదట్లో మొండిపిల్ల అనుకుని రెండుసార్లు మొట్టింది. తర్వాత సంగతి తెలిసి కుడి వైపు నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. తెలుగులో చెప్పే పాఠాలు కావడంతో పిల్లకు అన్నీ వచ్చేవి. సంవత్సరం చివర తరగతిలో మొదట వచ్చింది.

ఆ సంగతి చెప్తూ డ్రమ్ముల షెడ్డులో పరమేశ్ అందరికీ చాక్లెట్లు పంచాడు. "కొట్టి చదివిపిచ్చిన" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అందరికీ ఇళ్లలో పిల్లలున్నారు.

సాయంత్రాల చదువు మాత్రం ఆగలేదు. పరమేశ్ పిల్లకు కుడి వైపున కూర్చునేవాడు. పుల్ల ఉండేది కాదు. భవిత పుస్తకం తెరిచి గట్టిగా చదివేది. తన గొంతు తనకు సగమే వినిపించేది కాబట్టి ఇంకా గట్టిగా చదివేది. ఒక కన్ను అక్షరాల మీద, ఒక కన్ను అతని చేతి మీద ఉండేది. అతను చెయ్యి కదిపి తల గోక్కున్నా ఆ పిల్ల మెడ లోపలికి ముడుచుకునేది. చదవడం మాత్రం ఆపేది కాదు.

ఒకరోజు అట్లా చదువుతుంటే వాకిట్లోంచి పక్కింటి పిల్లలు తొక్కుడుబిళ్లకు పిలిచారు. భవితకు వినిపించలేదు. పరమేశ్ లేచి, చేతులు కడుక్కోవడానికి ఆమె ఎడమ పక్కగా నడిచి వెళుతూ, "చాలు బిడ్డా, ఇగ పోయి ఆడుకో" అన్నాడు.

పిల్ల పేజీ తిప్పింది. అతను బక్కెట్ దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి మళ్లీ అన్నాడు. ఆమె ఇంకా గొంతు పెంచి తర్వాతి పాఠం మొదలుపెట్టింది. అతను కుడి వైపుకు వెళ్లి చెప్పలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, గడప మీద కూర్చుని విన్నాడు. వాకిట్లో పిల్లలు ఇంకోసారి పిలిచి, ఆమెను వదిలేసి ఆట మొదలుపెట్టారు.